బీల గట్టున వాన మాట

పంచాంగం ప్రకారం ఇది ఇంకా వసంత ఋతువేనట. వైశాఖం వెళ్ళలేదు కాబట్టి వసంతమే అనుకోవాలి గానీ, గజపతినగరంలో మా డాబా మీద పొద్దున్నే కాలు పెట్టలేక, వడియాల పని కోడలికి అప్పగించేసి, లోపల ఫ్యాను కింద కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటే టింగుమని ఒక వాతావరణ సమాచారం వచ్చింది. ఉత్తర కోస్తాలో రాబోయే కొద్ది రోజుల్లో అక్కడక్కడా ఉరుములతో కూడిన జల్లులు పడే అవకాశం ఉందనీ, ఎండ తీవ్రత కూడా కొనసాగుతుందనీ, ప్రజలు అప్రమత్తంగా ఉండాలనీ దాని సారాంశం. వానా వస్తుంది, ఎండా కాస్తుంది, మీరు మాత్రం జాగ్రత్త అంటే ఇక చెప్పకుండా వదిలేసిందేముంది! మన ఈడు వాళ్ళం రేడియోలో ఇలాంటివి వింటూనే పెరిగాం కాబట్టి నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ నాకు నవ్వు రాలేదు. ఆ నాలుగు ముక్కలే మళ్ళీ మళ్ళీ చదివాను. ఎందుకంటే మా పుట్టింటి ఊళ్ళో, బీల పక్కన ఇప్పటికీ వ్యవసాయం చేసుకుంటున్న మా తమ్ముడు ఈ వారం ఎద జల్లాలా మానాలా అని కొట్టుమిట్టాడుతున్నాడు.

బీల అంటే తెలియని వాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, కొండలకీ సముద్రానికీ మధ్య ఉన్న పల్లంలో పరుచుకున్న పెద్ద మంచినీటి మడుగు అది. వానాకాలంలో అవతలి ఒడ్డు కనిపించనంత నీళ్ళు, వేసవి వచ్చేసరికి మధ్యలో కాస్త మెరుపు, చుట్టూ జమ్ము, ఆ పైన మా పొలాలు. ఆ పొలాలకి కాలవ లేదు, మోటారు అప్పట్లో లేదు, ఉన్నదల్లా ఆకాశం. దున్నిన పొడినేల మీద విత్తనాలు నేరుగా చల్లేసి వాన కోసం ఎదురు చూడటాన్ని మా వైపు ఎద జల్లడం అంటారు. వాన నిలదొక్కుకుంటే అందరికంటే ముందు పంట చేతికి వస్తుంది. ఒక జల్లు పడి మొలక వచ్చాక వాన మొహం చాటేస్తే గింజా పోతుంది, మొలకా పోతుంది. అందుకని వేసవి ముదిరే ఈ రోజుల్లో మా ఊళ్ళో ఎవరు ఎవర్ని కలిసినా ఒకటే ప్రశ్న, ఈ ఏడు వాన ఎప్పుడని.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే పని మా ఇంటిది. ఎలా వచ్చిందో నాకు తెలియదు, మా తాత చెప్పేవాడట, ఆయన తరవాత మా నాన్న. కృత్తిక కార్తె వెళ్ళిపోతూ రోహిణి కార్తె వస్తుందనగా, ఒక సాయంత్రం చుట్టుపక్కల ఊళ్ళ రైతులంతా మా ఊరి వైపు గట్టు మీద చేరేవారు. మగవాళ్ళు గట్టు మీద, ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని కాస్త దిగువన. అప్పుడు మా నాన్న వాన మాట చెప్పేవాడు. వాన ఏ కార్తెలో మొదలవుతుంది, పడి నిలుస్తుందా, ఎద జల్లుకోవచ్చా, లేక ఆగి నారు పోసుకోవడం మంచిదా, అంతే. దక్షిణ లేదు, తాంబూలం లేదు. ఒకే ఒక్క కట్టుబాటు మాత్రం ఉండేది. జల్లండి అని చెప్పిన ఇల్లే తెల్లారి అందరికంటే ముందు తన పొలంలో జల్లాలి, అదీ ఉన్న విత్తనమంతా. ఊరందరికీ జల్లమని చెప్పి తన గింజలు దాచుకోవడం కుదరదన్నమాట.

ఆయన చూసే గుర్తులు ఏమంత గొప్ప విద్య కాదు. ఉదయం గాలి సముద్రం మీంచి వస్తోందా, కొండల మీంచి వస్తోందా అని చూసేవాడు, చీమల దారులు చూసేవాడు, అన్నిటికంటే ముఖ్యంగా తీతువు పిట్ట గుడ్లు ఎక్కడ పెట్టిందో చూసేవాడు. అది చెట్టెక్కి గూడు కట్టే పిట్ట కాదు, నేల మీదే పెడుతుంది. బీలలోకి నీళ్ళు తొందరగా వచ్చే ఏడు గట్టు మీదికెక్కి పెడుతుందనీ, వాన ఆలస్యమయ్యే ఏడు ఎండిన పల్లంలోనే పెట్టేస్తుందనీ మా వాళ్ళ నమ్మకం. ఇదంతా ఉత్తదని మా కోడలు అంటుంది. ఉత్తదే కావచ్చు, కానీ నేను పుట్టి పెరిగిన ఇంట్లో అన్నం ఉడికిందా, చోడి అంబలితో, అదే రాగి జావతో, సరిపెట్టుకున్నామా అనేది ఆ పిట్ట మీదే ఆధారపడి ఉండేది.

వానలు వరసగా రెండేళ్ళు దగా చేసిన తరవాత వచ్చిన వేసవి అది. నాకు లంగా ఓణీ వేసిన కొత్త. బీల మధ్యలో మెరుపు కూడా లేకుండా పోయింది. నేల నెర్రెలిచ్చి, ఆ నెర్రెల్లో మా చేతులు మోచేతి దాకా పట్టేవి. ఆడవాళ్ళం చెలమలు తవ్వి, కొబ్బరి చిప్పతో నీళ్ళు తోడి, ఆ బురద నీళ్ళని గుడ్డలో వడగట్టుకుని మోసుకొచ్చేవాళ్ళం. ఊళ్ళో అంబలి మొదట పలచనయింది, తరవాత ఒక పూటకి దిగింది. ఎండిన బీలలో కలువ దుంపలు తవ్వుకుని ఉడికించుకుని తినేవాళ్ళం. వాటి వగరు ఇప్పటికీ గుర్తుంది గానీ, ఎవరైనా మీ కాలంలో తిండి ఎంత ఆరోగ్యమో అని మురిసిపోతే నాకు ఒళ్ళు మండుతుంది. తిండి లేకపోవడంలో ఆరోగ్యం ఎక్కడిది?

అంత కరువులోనూ ప్రతి ఇంట్లో ఒక మూల గడ్డితాడు చుట్టి, పేడతో అలికిన చిన్న పురి ఉండేది. అందులో ఉన్నవి విత్తనాలు. పురుగు పట్టకుండా వేపాకూ బూడిదా కలిపి పెట్టేవారు. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే ఆ పురి వంక చూడకుండా ఉండటం ఎంత కష్టమో ఆ రోజుల్లో తల్లులైన వాళ్ళని అడగాలి. మా అమ్మ పురి ముందు చాప నిలబెట్టి అడ్డం పెట్టింది. కళ్ళకి కనిపించకపోతే మనసు అటు పోదని ఆవిడ ఉద్దేశం, కానీ మా అందరి మనసూ ఆ చాప వెనకే ఉండేది.

వాన మాట చెప్పే రోజు దగ్గరపడింది. నాన్న రోజూ బీలలోకి వెళ్ళి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఒక పూట అమ్మ అడగ్గా అడగ్గా చెప్పాడు. తీతువు గుడ్లు బీల నడిమధ్య పల్లంలో ఉన్నాయి, గాలి ఇంకా కొండల మీంచే వీస్తోంది, మృగశిర దాటి, ఆరుద్ర కూడా దాటితే గానీ వాన నిలవదు, జల్లకూడదు, ఆగాలి. అమ్మ, అదే చెప్పండి మరి అంది. నాన్న సరేనన్నాడు. అంతటితో అయిపోవలసింది.

ఆ మర్నాడో ఏమో మా చిన్న మేనత్త ఇంటి వైపు వెళ్ళాడు నాన్న. ఆవిడ భర్త పోయి, నలుగురు పిల్లలతో మా పక్క వీధిలోనే ఉండేది, ఉన్న కాస్త పొలం చెక్కా నాన్నే దున్ని పెట్టేవాడు. గుమ్మంలో ఉండగానే అన్నం ఉడుకుతున్న వాసన వచ్చిందట, అన్నం వాసనతో పాటు వేపాకు చేదు కూడా. పిల్లలు పొయ్యి చుట్టూ కూర్చున్నారు. అత్త అన్నని చూసి తల దించుకుని, దాచకుండానే చెప్పింది, విత్తనాలు దంచి వండుతున్నానని. నాన్న అటునించి అటే వెనక్కి తిరిగాడు. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే అమ్మతో అన్నాడు:

“నెలన్నర ఆగమని నాను సెప్తే మనుసులు ఆగుతారు గానీ, గింజ ఆగదు. ఈ నెలన్నరలో ఊరి విత్తనమంతా కుండలోకి ఎల్లిపోతాది. అప్పుడు వానొస్తే మాత్రం ఏటి జల్లుతారు?”

అమ్మకి వెంటనే అర్థమయింది. నాన్న ఏం చెయ్యబోతున్నాడో నాకూ అర్థమయింది. గింజ నేలలో పడితే ఇక ఎవరూ తినలేరు. ఒకవేళ తను చూసిన గుర్తులు తప్పయి వాన తొందరగా వస్తే ఊరు బతుకుతుంది. తప్పు కాకపోతే? ఆ ప్రశ్న అమ్మ వేసింది, నాన్న కాళ్ళు కడుక్కోవడానికి లేచి వెళ్ళాడు. 

దురదృష్టం చూడండి, సరిగ్గా వాన మాటకి ముందు రోజు పెద్ద గాలి లేచి, ఉరిమి, ఒక గంట సేపు ధారగా కురిసింది. వేసవిలో అలా ఒక వాన వచ్చి పోవడం మామూలే, అది వానాకాలపు వాన కాదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ ఆకలి మీద ఉన్నవాడికి తెలిసిన సంగతులు గుర్తుండవు. మట్టి వాసన వచ్చేసరికి ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చి తడిసింది, ముసలివాళ్ళు కూడా. మర్నాడు సాయంత్రం గట్టు మీద ఎన్నడూ లేనంత జనం. వాళ్ళ మొహాల్లో ఆశ చూస్తుంటే నాకే, నాన్న ఇంకేమీ చెప్పకుండా సరే అనేస్తే బాగుణ్ణనిపించింది. మా పెద్దమావ, అంటే అమ్మకి అన్న, ముందుకొచ్చి, “సెప్పు బావా, నువ్వు సెప్పీ మాట కోసమే ఇంత మందిమి ఆగినాం. జల్లీమంటావా?” అన్నాడు. నాన్న బీల వైపు తిరిగాడు. తరవాత, జల్లీండి అన్నాడు.

ఆ తెల్లారి మా పురి విప్పారు. అమ్మ ఒక బుట్టెడు విత్తనాలైనా ఉంచమని బతిమాలింది, తిట్టింది, చివరికి పురి ముందు కూర్చుని ఏడ్చింది. ఊళ్ళో మిగిలిన వాళ్ళు ఉన్నదంతా జల్లుతుంటే మనం ఒక బుట్టెడు దాచుకుంటే ఆ మాటకి విలువేముంది అని నాన్న వినలేదు. అమ్మ లేచి పక్కకి తప్పుకుంది. నాన్న పొలంలో ముందు నడుస్తూ జల్లుతుంటే, ఆయన చెయ్యి విసురు చూసి పక్క చేలల్లో వాళ్ళూ మొదలుపెట్టారు. మేనత్త కూడా మిగిలిన విత్తనాలు పట్టుకొచ్చి జల్లింది.

మొలక వచ్చింది.  సన్నగా, లేతగా, గట్టు నించి గట్టు దాకా ఒకటే పచ్చగా. పెళ్ళిచూపులకి వచ్చిన వాళ్ళలా జనం చేల గట్ల మీద నిలబడి చూసి మురిసిపోయారు. అమ్మ కూడా చూడటానికి వచ్చింది, వచ్చి నాన్న వంక ఒకసారి చూసి, కాస్త నవ్వినట్టే ఉంది. ఆ తరవాత రోహిణి కార్తె ముదిరింది. ఆ ఎండ నేను చెప్పక్కరలేదు, మన ఈడు వాళ్ళకి అందరికీ తెలిసిందే. మొలకల కొసలు ముందు పసుపు పచ్చబడ్డాయి, తరవాత చుట్టుకుపోయాయి. ఆడా మగా పిల్లా జెల్లా అంతా చెలమల నించి కుండలతో నీళ్ళు మోసి పోశాం. చేనంటే పెరటి మొక్కా, చెంబుతో పోస్తే బతకడానికి! పోసిన నీళ్ళు నేల తాగిన జాడ కూడా కనిపించేది కాదు. చెలమలు కూడా ఎండిపోయాయి. ఒక పూట నేను కుండ దించి చూస్తే మొలకలు చేత్తో ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయాయి. నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు.

మృగశిర వచ్చింది, వాన రాలేదు. అప్పుడు ఊరు మా ఇంటి ముందుకి వచ్చింది. కొట్టడానికో తిట్టడానికో వచ్చినా బాగుండేది, చాలామంది ఊరికే వచ్చి అరుగు కిందా, వీధిలోనూ కూర్చున్నారు. ఎక్కడికి పోవాలో తెలియని వాళ్ళు కూర్చున్నట్టు. పెద్దమావ ఒక్కడే నోరు చేసుకున్నాడు. పిట్టని చూడ్డం మానేసి గాడిదల్ని కాసావా బావా, నీ మాట నమ్మి ఊరు నాశనమైందని నానా మాటలూ అన్నాడు. నాన్న తల వంచుకుని విన్నాడు. తను గుర్తులు సరిగ్గానే చూశాననీ, తెలిసే చెప్పాననీ అనలేదు. ఎందుకు అనలేదో నాకు తరవాత బోధపడింది. అది చెబితే, మీ విత్తనాలు మీరు తినేస్తారని మిమ్మల్ని నమ్మలేదు అని చెప్పడమే కదా.

అమ్మకి మాత్రం అంత ఓర్పు లేదు. మొగుణ్ణి తనెంతైనా అంటుంది గానీ తన అన్నయినా సరే ఇంకొకరు అంటే పడేది కాదు. వాకిట్లోకి వచ్చి అంతా చెప్పేసింది. పల్లంలో గుడ్ల సంగతి, ఆరుద్ర దాటేదాకా వాన రాదని ముందే తెలిసిన సంగతి, ఊరు గింజలు తినేస్తుందని భయపడి జల్లమన్న సంగతి, అన్నీ. “మీ కోసమే సెప్పినాడు, మా పురి కూడా ఊడ్సి జల్లినాడు, ఇంకేటి సెయ్యాలి ఈ మనిసి?” అని గుండెలు బాదుకుంది.  అమ్మ అనుకున్నది ఏమిటంటే, అది తెలిస్తే వాళ్ళు నాన్నని క్షమిస్తారని.

మా మేనత్త జనంలోంచి లేచింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట తప్ప ఏమీ లేదు. నాన్నకి ఎదురుగా వచ్చి నిలబడి అంది:

“తినీసినా బాగుణ్ణన్నా. ఆ నాలుగు రోజులైనా నా గుంటలు నలుగురూ అన్నం తిని పడుకుందురు. నువ్వా పూట నా పొయ్యి సూడకుండా ఉండాల్సింది.”

నాన్న అరుగు మీద కూర్చుండిపోయాడు. నా జీవితంలో ఆయన అంత చిన్నగా కనిపించింది ఆ ఒక్కసారే. జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు, పెద్దమావ కూడా వెళ్ళిపోయాడు. 

ఆ ఏడు వాన పునర్వసు చివర్లో వచ్చింది. వచ్చింది బ్రహ్మాండంగా, బీల నిండింది, గట్టు తెగుతుందేమో అన్నంతగా. జల్లడానికి గింజ లేదు. శ్రీముఖలింగం వైపు ఉన్న మా అమ్మ తరఫు చుట్టాలు బండి మీద కొంత నారు పంపితే అందరూ మడి మడి చొప్పున పంచుకుని నాటుకున్నారు. దాన్ని పంట అనడానికి లేదు, ప్రాణం నిలబడింది. మేనత్త మాత్రం వాన రాకముందే పిల్లల్ని తీసుకుని ఖరగపూర్ రైలెక్కేసింది, ఎవరో పని ఇప్పిస్తామన్నారని. తరవాత పెళ్ళిళ్ళకీ చావులకీ వచ్చేది గానీ, నాన్న ఇంట్లో అన్నం తినేది కాదు. తినమని ఆయన అడిగేవాడూ కాదు.

మరుసటి వేసవికి నాన్న గట్టు మీదికి వెళ్ళడనుకున్నాం. జనం రారనుకున్నాం. చిత్రంగా ఆయనా వెళ్ళాడు, జనమూ వచ్చారు. నాన్న మాత్రం అప్పటి నించీ పద్ధతి మార్చేశాడు. గుడ్లు ఇక్కడున్నాయి, గాలి ఇలా ఉంది, నాకు తెలిసింది ఇదీ, తెలియనిది ఇదీ అని చెప్పి కూర్చునేవాడు, జల్లండనీ ఆగండనీ తను పోయేదాకా మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. ఎవరి గింజలు వాళ్ళ ఇష్టం. జనం కూడా ఆ మాట విని వెంటనే వెళ్ళిపోయేవారు కాదు. చీకటి పడేదాకా గట్టు మీదే కూర్చుని, నువ్వేటంటావంటే నువ్వేటంటావని వాదించుకుని, ఏమీ తేలకుండానే లేచేవారు. తెలియనితనాన్ని నలుగురూ కలిసి మోసేవారన్నమాట.

ఇప్పుడు ఆ ఆకలి లేదు, దేవుడికి దణ్ణం పెడతాను. రేషను బియ్యం వస్తున్నాయి, విత్తనాలు బజార్లో సంచుల్లో దొరుకుతున్నాయి, ఎవరికీ విత్తనాలు దంచుకోవలసిన అవసరం లేదు. బీల సగం రొయ్యల చెరువులైపోయింది. మిగిలిన సగం ఈ ఏడు చైత్రంలోనే ఎండిపోయిందట. తీతువులు కనిపించి చాలా కాలమైందని తమ్ముడంటాడు. గట్టు మీద వేసవి సాయంత్రాలు కూర్చునేవాళ్ళు లేరు, ఎవరి ఫోను వాళ్ళ దగ్గరుంది.

ఆ సమాచారం వచ్చిన రోజు మధ్యాహ్నమే తమ్ముడు ఫోన్ చేశాడు. పోయిన ఏడు పంట పోయింది, అంతకు ముందు ఏడూ అంతే. ఈసారి కూడా పోతే పొలం వదిలేసి కొత్తవలసలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోవడం తప్ప దారి లేదని వాడు నాకు ఎప్పటి నించో చెబుతున్నాడు. ఫోనులో వచ్చింది వాడూ చదివాడు, చదివి ఏమీ తేలక అక్కని అడుగుతున్నాడు. “నువ్వో మాట సెప్పక్కా, వస్తాదంటావా? నువ్వు జల్లీమంటే జల్లీస్తాను,” అన్నాడు. అరవై దాటిన మనిషి అలా చిన్నపిల్లాడిలా అడుగుతుంటే నేను తట్టుకోలేకపోయాను. వస్తాదిరా, తప్పకుండా వస్తాది అని నాలిక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో వాడికి ఆ పూటకి అన్నం సయిస్తుందని నాకు తెలుసు. నాన్న గట్టు మీద నిలబడి ఎంత యాతన పడి ఉంటాడో నాకు ఈ వయసుకి అర్థమయింది.

నాకు తెలీదురా నాన్నా అన్నాను.

వాడు కోప్పడలేదు. వాడి వైపు నించి వేడిగాలి హోరు ఒకటే వినిపిస్తోంది. ఒకప్పుడు ఇలా తెలియనప్పుడు పక్కన కూర్చోడానికి గట్టు నిండా మనుషులుండేవారు, ఇప్పుడు వాడికి నేనొక్కదాన్నే ఉన్నాను, అదీ ఇంత దూరంలో. అందుకని మాట్లాడటానికి ఏమీ లేకపోయినా చాలాసేపు ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు.